మిషన్ చెప్పిన వయసు

మా ఇంట్లో అందరికంటే పెద్ద నోరు నాది. జహనుమాలో మా గల్లీ మొదట్లో నిలబడితే చాలు, నేను ఇంట్లో ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుందని అమ్మ అనేది. పాలవాడితో తగువు, కిరాణా దుకాణం సేఠ్‌తో తగువు, మీటర్ మీద పైసలు అడిగే ఆటోవాడితో తగువు. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని అమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయింది. బాపు మాత్రం నవ్వేవాడు. ఆయన రోజంతా మాట్లాడే మాటలు నేను ఒక పూటలో మాట్లాడేదాన్ని.

బాపు ఒక ప్రభుత్వ సంస్థ వర్క్‌షాపులో ఫిట్టర్. నిజాం జమానాలో చేరాడు. సర్కార్లు మారాయి, వర్క్‌షాపు గేటు మీద బోర్డు మారింది, ఆయన పనిచేసే బల్ల మాత్రం మారలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి ఎంత సబ్బు పెట్టి తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు పోయేది కాదు. ఆ చేతులతోనే నాకు సైకిల్ తొక్కడం నేర్పాడు, ఆ చేతులతోనే కాలేజీ ఫీజు కట్టాడు. బీఎస్సీ అయ్యాక అదే సంస్థ హెడ్డాఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. మొదట కార్డులు పంచ్ చేసే పని, తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పని. పాతబస్తీ నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. చీరకు పిన్ను పెట్టుకుని, చేతిలో కార్డుల కట్ట పట్టుకుని నడుస్తుంటే నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని.

ఒకసారి బాపు ఏదో పని మీద హెడ్డాఫీసుకు వచ్చి మా కంప్యూటర్ గది చూస్తానన్నాడు. అద్దాల తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా బయటే నిలబడి చూశాడు. మోటారు చప్పుడు, చల్లగాలి, గిర్రున తిరిగే టేపులు.

"దీనికి అందరి లెక్క ఎరుకేనా బిడ్డా?" అని అడిగాడు.

"అందరిది ఎరుకే బాపు. నీది గూడ" అన్నాను.

ఆ సాయంత్రానికి మా గల్లీ అంతా ఆ సంగతి తెలిసింది.

మా పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. సంస్థలో పనిచేసే ప్రతి మనిషికీ ఒక అట్ట కార్డు ఉండేది. అతని నంబరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, జీతం అన్నీ అందులో చిల్లులుగా పడేవి. ఒక అమ్మాయి పంచ్ చేసిన కార్డును ఇంకో అమ్మాయి ఇంకో మిషన్ మీద మళ్ళీ కొట్టేది. రెండూ కలవకపోతే ఎర్ర దీపం వెలిగేది. వేలు తప్పితే ఆ దీపం పట్టుకునేది. కాగితమే తప్పుగా ఉంటే దానికేం తెలుస్తుంది? పుట్టకముందే ఉద్యోగంలో చేరినవాళ్ళు, రెండు సెక్షన్లలో ఒకేసారి జీతం తీసుకునేవాళ్ళు మా కార్డుల్లో దర్జాగా బతికేవారు.

ఇలాంటివి ఎప్పుడైనా బయటపడితే మా పెద్ద గుమాస్తా బల్ల మీదికి వెళ్ళేవి. ఆయన్ను అందరూ బడేబాబు అనేవారు. ఆయన వాటిని డ్రాయర్లో పెట్టేవాడు. తీరిక దొరికిన రోజున ఆ మనిషిని పిలిపించి, చాయ్ తాగించి, ఇంటి సంగతులన్నీ అడిగి, చివరికి తేదీ సరిచేసేవాడు. ఆ తీరిక నెలల తరబడి దొరికేది కాదు. భర్త పుట్టిన తేదీ తప్పు పడినందువల్ల పింఛను ఆగిపోయిన ఒకావిడ మా కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంటే నాకు ఒళ్ళు మండింది. మా బల్లల మధ్యనే నిలబడి, "మీ డ్రాయర్ల పడ్డ కాగితం బతికి బయటకొచ్చుడు ఎప్పుడన్న ఉందా బడేబాబు?" అని అందరూ వినేట్టు అడిగాను. ఆయన పాన్ దవడకు నెట్టి, "బేటీ, జర ఠైరో" అన్నాడంతే.

నేను ఆగలేదు. జీతాల లెక్క మొదలయ్యే ముందు ప్రతి కార్డునూ మిషనే పరీక్షించేట్టు ఒక ప్రోగ్రాం రాశాను. చేరిన తేదీలోంచి పుట్టిన తేదీ తీసేస్తే పద్ధెనిమిదేళ్ళకు తక్కువ వస్తే చుక్క గుర్తు. యాభై ఎనిమిది దాటినా జీతం పోతుంటే చుక్క గుర్తు. ఒకే నంబరు రెండుసార్లు వస్తే చుక్క గుర్తు. చుక్క పడినవాళ్ళ జాబితా దానంతటదే మూడు ప్రతులుగా అచ్చయి, ఒకటి సిబ్బంది విభాగానికి, ఒకటి ఖాతాలకు, ఒకటి ఆడిట్‌కు నేరుగా వెళ్ళాలి. బడేబాబు డ్రాయర్ దారిలో తగలకూడదు. ఆ ఏర్పాటు నాదే, పట్టుబట్టి మరీ సాధించాను.

జాబితాలో ప్రతి పేరు పక్కన తప్పేమిటో ఒక ముక్క అచ్చవ్వాలి. వరుసలో మిగిలిన చోటు కొంచెమే. వయసు కుదరనివాళ్ళ దగ్గర "ఇన్‌వాలిడ్ డేట్ ఆఫ్ బర్త్" అని పెట్టాను, అంటే పుట్టిన తేదీ చెల్లదని. నిజానికి నా ప్రోగ్రాంకు తెలిసింది రెండు తేదీలూ ఒకదానితో ఒకటి పొసగడం లేదని మాత్రమే. వాటిలో ఏది తప్పో, అసలు తప్పేమైనా ఉందో లేదో దానికి తెలిసే వీల్లేదు. రాస్తున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. కానీ అంత వివరం ఆ వరుసలో పట్టదు, పైగా ఖరాఖండీగా ఉన్న ఆ మాట నా కంటికి ముద్దుగా కనిపించింది. కాకిపిల్ల కాకికి ముద్దు.

బడేబాబు ఆ నమూనా కాగితం చూసి, "అడగకముందే తప్పని రాస్తే ఎట్ల బేటీ? ముందుగాల పిలిచి అడగాలె గదా" అన్నాడు.

"మీరు పిలిచేవరకు మనిషి రిటైరయితడు బడేబాబు" అన్నాను. పంచింగ్ అమ్మాయిలందరూ కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా తీపిగా ఉండింది.

మొదటి జాబితా అచ్చయిన రోజు మిషన్ చుట్టూ అందరం మూగాం. కాగితం మడతలు మడతలుగా బయటికి వస్తోంది. పేర్లు చూడకుండా నంబర్లే చదువుతున్నాను. చదువుతూ చదువుతూ ఒక నంబరు దగ్గర ఆగిపోయాను. స్కాలర్‌షిప్పుల దరఖాస్తుల మీద బడి రోజుల నుంచీ నేను రాస్తూ వచ్చిన నంబరు అది. బాపుది. చేరిననాటికి వయసు పదకొండు. పక్కన నేను పెట్టిన ముద్దు మాట.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు భయం వేయలేదు. తలవంపుగా అనిపించింది, అంతే. నా బాపు కాగితాలే సరిగ్గా లేవని అందరూ చూశారే అని.

బడేబాబు పాత ఉర్దూ రిజిస్టరు తీయించాడు. అందులో బాపు పుట్టిన సంవత్సరం పదమూడు వందల నలభై నాలుగు అని ఉంది. నిజాం కాలంలో సర్కారు లెక్క ఫస్లీ సంవత్సరాల్లో నడిచేది. మసీదుల్లో, మౌల్వీల దగ్గర హిజ్రీ లెక్క. ఆ రోజుల్లో రెండూ పదమూడు వందల్లోనే ఉండేవి, కానీ ఒకే అంకె ఫస్లీలో అయితే ఒక ఏడాది, హిజ్రీలో అయితే దానికి తొమ్మిదేళ్ళ ముందటి ఏడాది. తర్వాతి రోజుల్లో ఎవరో గుమాస్తా అన్నిటినీ ఫస్లీ అనుకుని ఇంగ్లీషు సంవత్సరాల్లోకి మార్చేశాడు. బాపుకు అక్షరాలు నేర్పింది గల్లీలోని మౌల్వీ సాబ్, చేరేటప్పుడు వయసు చెప్పిందీ ఆయనే. ఆయన ఏ లెక్కలో చెప్పాడో ఎక్కడా రాసిలేదు.

ఫస్లీ అయితే బాపు రెండో ప్రపంచ యుద్ధం ఆగిన ఏడాది పదకొండేళ్ళ పిల్లవాడిగా వర్క్‌షాపులో చేరినట్టు. హిజ్రీ అయితే ఇరవై ఏళ్ళ యువకుడిగా చేరినట్టు. మొదటిది నిజమైతే ఆయనకు ఇంకా పదేళ్ళ నౌకరీ ఉంది. రెండోది నిజమైతే వచ్చే ఏడాదే ఇంటికి. ఫోర్‌మన్ పదవి నేడో రేపో వచ్చేట్టుంది. పనిలోకి వచ్చిన కొత్తవాళ్ళందరూ "ఉస్తాద్" అని వెనక తిరిగే మనిషి. ఇంట్లో కూర్చోబెడితే ఏం చేస్తాడు?

జాబితాలో ఇలాంటి పాతవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. ఎవరికి వారు వచ్చి ఆఫీసరు ముందు తమ బయాన్, అంటే వాంగ్మూలం, ఇవ్వాలని, ఏది చెబితే దాన్నే ఖాయం చేస్తామని సిబ్బంది విభాగం తేల్చింది. ఒకసారి సంతకం పడితే మళ్ళీ మార్చేది లేదు. యూనియన్ వాళ్ళు ఇంటింటికీ తిరిగి, బోల్టులు అందించే పోరగాళ్ళుగా చేరామని చెప్పండి, ఆ రోజుల్లో అలా చాలామందిని తీసుకునేవాళ్ళు, ఆఫీసరు ఒప్పుకుంటాడు అని చెప్పిపోయారు. మా ఇంటికీ వచ్చారు. బాపు వాళ్ళకు చాయ్ ఇప్పించి పంపాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "మీ బాపు గంత పెద్దోడు కాదే. మా పెండ్లినాడు మీసాలు గూడ సక్కగ రాలె. నువ్వన్న చెప్పు."

"నీకేం తెలుసమ్మా లెక్కలు" అన్నాను. జీతం ఎక్కడ పోతుందోనని అమ్మ అలా అంటోందనుకున్నాను. పెళ్ళినాడు పక్కనే కూర్చున్న మనిషి మాట కన్నా నాకు నా తీసివేత లెక్క మీదే గురి ఎక్కువ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

బయాన్‌లకు ముందు ఒక రోజు ఆఫీసులో పొద్దుటి నుంచీ నాకు తగువే. జాబితాలో పడ్డవాళ్ళందరూ మా గది ముందు చేరి, మీ మిషన్ పిచ్చిది, మీ పిల్లకు పని రాదు అని లొల్లి చేశారు. నేను ఒక్కొక్కరికి జవాబు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చాను. అన్నాల దగ్గర బాపు మెల్లగా అడిగాడు.

"బిడ్డా, గా మిషన్ తప్పు జేస్తదా ఎన్నడన్న?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే! పొద్దుటి నుంచీ అదే మాట విని విని ఉన్నాను. కంచం మీద చెయ్యి ఆపి గయ్యిమన్నాను.

"నువ్వు గూడ గట్లనే అంటవా బాపు? నేను రాసిన దాంట్ల తప్పుండదు. మిషన్ తప్పు చేయదు. మనుషులే చేస్తరు."

"సరే తియ్, గుస్సా చేయకు" అన్నాడు. తింటున్న అన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, వాకిట్లోకి వెళ్ళాడు. అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది.

బయాన్ రోజు ఆఫీసరు నన్ను కూడా గదిలో కూర్చోమన్నాడు, జాబితా వివరించడానికి. బడేబాబు పక్కన రిజిస్టరు పట్టుకుని ఉన్నాడు. బాపుకంటే ముందు వచ్చిన నలుగురైదుగురూ చేతులు కట్టుకుని, తాము పోరగాళ్ళుగా చేరామన్నారు. ఆఫీసరు తల ఊపి రాసుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎవరి నౌకరీ తీయాలన్న ఉబలాటం ఆయనకు లేదు.

బాపు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"చేరినప్పుడు నీ వయసెంతయ్యా?" అన్నాడు ఆఫీసరు.

బాపు నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

"మిషన్ ఏమన్నది సాబ్?"

"నీ పుట్టిన తేదీ చెల్లదంటోంది."

"గట్లయితే చెల్లదు సాబ్. మా బిడ్డ రాసిన మిషన్ గది. తప్పు జెప్పది."

ఆఫీసరు పెద్దగా నవ్వి, మెచ్చుకోలుగా నా వైపు తిరిగాడు. "చూశావా అమ్మా, మీ నాన్నగారికి నీ మీద ఎంత నమ్మకమో! వచ్చే వారం పైవాళ్ళు వస్తున్నారు. ఈ ప్రోగ్రాం నువ్వే చూపించాలి."

అప్పుడు చెప్పాల్సింది. సార్, మిషన్ అలా అనలేదు, రెండు తేదీలు కలవడం లేదని మాత్రమే దానికి తెలుసు, చెల్లదన్న మాట నేను పెట్టింది, ఆయన్ను మళ్ళీ అడగండి అని. మాటలు నాలుక మీదికి వచ్చాయి కూడా. పాలవాడి మీద లేచిన నోరు, సేఠ్ మీద లేచిన నోరు, తండ్రి నౌకరీ పోతుంటే లేవలేదు. పైవాళ్ళ ముందు నిలబడి చూపించబోయే రోజు కళ్ళ ముందు ఆడుతోంది. నా ప్రోగ్రాంలో లోపం ఉందని నేనే చెప్పుకోవాలా అనిపించింది. బడేబాబు రెండుసార్లు దగ్గాడు, నేను తల ఎత్తలేదు. చేరిననాటికి ఇరవై ఏళ్ళని ఆఫీసరు రాసిన కాగితం మీద బాపు మౌల్వీ సాబ్ నేర్పిన ఉర్దూ అక్షరాల్లో మెల్లగా సంతకం చేసి, ఆఫీసరుకు సలాం పెట్టి వెళ్ళిపోయాడు.

పైవాళ్ళు వచ్చారు, మెచ్చుకున్నారు. నాకు ప్రమోషన్ వచ్చింది. మిఠాయి తెస్తే బాపే గల్లీ అంతా పంచాడు. మరుసటి ఏడాది ఆయనకు వర్క్‌షాపులో పూలదండ వేసి, శాలువా కప్పి పంపించారు. దండను సంచిలో పెట్టుకుని బస్సులో ఇంటికి వచ్చాడు. తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే అలవాటుగా లేచి, స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కోబోయి మళ్ళీ దండెం మీద వేసేవాడు. అమ్మ చూడలేక, ఎక్కడైనా పని చూసుకోమంది. కిషన్‌బాగ్‌లో కిటికీ గ్రిల్స్ చేసే ఒక చిన్న దుకాణంలో చేరాడు. వర్క్‌షాపులో ఉస్తాద్, ఇక్కడ రోజు కూలీ. దుకాణం యజమాని ఆయనకన్నా ఎంతో చిన్నవాడు, ఒరే అనకపోయినా అరే అనేవాడు. ఆ దారిలో వెళ్ళాల్సి వస్తే నేను ఇంకో గల్లీ చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

నాకు ఒకే ఒక ఓదార్పు ఉండేది. మిగతావాళ్ళు అబద్ధం చెప్పి మిగిలారు, బాపు నిజం చెప్పి వెళ్ళాడు అని. పదకొండేళ్ళ పిల్లవాణ్ణి ఎవరు పనిలో పెట్టుకుంటారు, హిజ్రీయే అయి ఉంటుంది, ఇవ్వాళ కాకపోతే రేపైనా బయటపడేదే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకున్న రోజు నిద్ర పట్టేది.

ఒక ఆదివారం పొద్దున బాపు పాత దోస్తు ఒకాయన వచ్చాడు. ఆ జాబితాలో బాపుతో పాటు పడిన మనిషే, ఇప్పుడు ఫోర్‌మన్. చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ, "ఇంత పొడుగు మీసాలతోని చేరినోణ్ణి, పోరగాడిగా చేరిన అని రాసిచ్చిన చూడు!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. ఆయన వెళ్ళిపోయాక కప్పులు తీస్తూ నేను అన్నాను.

"నువ్వు ఆయన తీరుగ అబద్ధం చెప్పలే బాపు. గదే నాకు మంచిగనిపిస్తది. చేరిన నాటికే నువ్వు పెద్దోనివి గదా."

బాపు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"ఏమో బిడ్డా. నేను చేరినప్పుడు నాకు పెద్ద సుత్తె లేవకపోతుండె. రెండు చేతులతోని పట్టి ఈడ్చుకుంట పోతుంటి. అందరు నవ్వుతుండిరి."

కప్పులు నేల మీద పెట్టేశాను.

"మరి సాబ్ అడిగినప్పుడు గా ముక్క ఎందుకు చెప్పలే బాపు?"

"మిషన్ తప్పు చేయదంటివి గదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. "నేనే యాది మరిచిన్నేమో అనుకున్న."